మేమా, మనమా?

పదిహేనేళ్లకు పైగా వింటున్న ఆల్బమ్ ఒకటుంది. దానికి మూలమైన నవలని మాత్రం ఈ మధ్యే చదివాను. ఇన్నాళ్లూ ఎందుకు ముట్టుకోలేదంటే, భయం. పాట విని పిచ్చిగా ఇష్టపడి, తీరా సినిమాలో దాన్ని ఎట్లా తీశారో చూశాక మనసు విరిగిపోవడం చాలామందికి అనుభవమే. అలాంటి భయం.

ఆల్బమ్ పేరు ‘2112’. కెనడాకి చెందిన ‘రష్’ అనే ముగ్గురు మనుషుల బ్యాండ్ 1976లో తెచ్చింది. గెడ్డీ లీ బేస్ వాయిస్తూ పాడతాడు, అలెక్స్ లైఫ్‌సన్‌ది గిటార్, నీల్ పియర్ట్‌ది డ్రమ్స్. పాటలు రాసేది ఎక్కువగా పియర్టే. అంతకుముందు ఏడాది వచ్చిన ‘కెరెస్ ఆఫ్ స్టీల్’ సరిగ్గా అమ్ముడుపోలేదు. ఈసారైనా రేడియోలో ఆడే చిన్న పాటలు చెయ్యండని రికార్డు కంపెనీ పోరు. వీళ్లేమో రికార్డు మొదటి వైపు మొత్తాన్నీ ఇరవై నిమిషాల ఒకే కథతో నింపేశారు. ఎట్లాగూ మునిగేదే అయితే మనకిష్టమైంది చేసి మునుగుదాం అన్న లెక్క. ఆ రికార్డే వాళ్లని నిలబెట్టింది.

కథ సులువే. 2112లో గ్రహాలన్నీ ఒకే పాలన కింద ఉంటాయి. ఏం చదవాలో, ఏం వినాలో, ఏం చూడాలో సిరింక్స్ ఆలయాల పూజారులు నిర్ణయిస్తారు. ఒక మనిషికి జలపాతం వెనక గుహలో పాత గిటార్ దొరుకుతుంది. అదేమిటో తెలీదు. తీగలు మీటుతూ, బిగిస్తూ, తనంతట తానే వాయించడం నేర్చుకుంటాడు. అందరూ సంతోషిస్తారనుకుని పూజారుల దగ్గరికి తీసుకెళ్తాడు. వాళ్లు దాన్ని కాళ్ల కింద తొక్కేస్తారు. అతను గుహకి తిరిగొచ్చి ప్రాణం తీసుకుంటాడు.

నేనిది మొదటిసారి విన్నది 2008లో, కుప్పంలో, ఇంజినీరింగ్ హాస్టల్లో. తమిళం మాట్లాడే సీనియర్ ఒకతను పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. కరెంటు పోయిన ఒక రాత్రి ల్యాప్‌టాప్‌లో మిగిలిన ఛార్జింగ్‌తో ఇద్దరం చెరో ఇయర్‌ఫోనూ పెట్టుకుని విన్నాం. ‘డిస్కవరీ’ అనే భాగం నీళ్ల చప్పుడుతో మొదలవుతుంది. గిటార్ శ్రుతిలో ఉండదు. ఒక్కో తీగా బిగుస్తూ, తప్పుతూ, మళ్లీ దొరుకుతూ చివరికి ఒక చిన్న రాగంలో స్థిరపడుతుంది. వినేవాడి చెవి ముందరే ఒక మనిషి సంగీతాన్ని కనిపెడతాడు. రాక్ సంగీతం అంటే అరుపులే అనుకునే నాకు ఆ రెండు మూడు నిమిషాలు ఒక దెబ్బ. మా క్లాసులో అరవై మందిమీ ఒకే మెటీరియల్ చదివి, ఒకే రెండు మూడు కంపెనీల కోసం, ఒకే రకం చొక్కాలు ఇస్త్రీ చేసుకునే రోజులవి. నాకొక్కడికే నచ్చింది నాది కావచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు అని నాకు చెప్పింది ఆ పాటే. ఆ రుణం ఇప్పటికీ ఉంది. కింద రాసేదంతా దాన్ని ఒప్పుకున్నాకే.

రికార్డు అట్ట మీద అయిన్ రాండ్ ప్రతిభకి కృతజ్ఞతలు చెబుతూ ఒక మాట ఉంటుంది. అది ఆమె రాసిన ‘యాంథమ్’ గురించి. వందపేజీల నవలిక. 1937లో రాసింది, 1938లో ఇంగ్లండులో అచ్చయింది. రాండ్ 1905లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టింది. విప్లవం తర్వాత వాళ్ల నాన్న మందుల షాపుని ప్రభుత్వం తీసేసుకుంది. 1926లో అమెరికా వెళ్లిపోయి అక్కడే ఉండిపోయింది. ఈ పుస్తకంలో కోపం ఎక్కడిదో తెలుసుకోవడానికి ఈ రెండు ముక్కలు చాలు.

‘యాంథమ్’లో మనుషులకి పేర్లుండవు. కథానాయకుడు ఈక్వాలిటీ 7-2521. బుర్రున్నవాడు, కానీ పెద్దలు అతనికి వీధులూడ్చే పని ఇస్తారు. ఆ లోకంలో ‘నేను’ అనే మాటే లేదు. ఎప్పుడో చెరిపేశారు. ఆ మాట పలికినవాడిని సజీవంగా కాల్చేస్తారు. ఒంటరి మనిషి కూడా తన గురించి ‘వుయ్’ అనే చెప్పుకోవాలి. నవల చాలా భాగం ఆ ‘వుయ్’లోనే నడుస్తుంది. ఇతను భూమి కింద పాతకాలపు సొరంగం ఒకటి కనిపెట్టి, దొంగచాటుగా ప్రయోగాలు చేసి, కరెంటు దీపం వెలిగిస్తాడు. దాన్ని పండితుల సభకి తీసుకెళ్తాడు. వాళ్లు బెదిరిపోతారు. అందరూ కలిసి చెయ్యనిది మంచిది కాదట, అందరూ అనుకోనిది నిజం కాదట. కొవ్వొత్తికి అన్ని సభల ఆమోదం రావడానికే యాభై ఏళ్లు పట్టింది, ఇప్పుడీ దీపమొస్తే ఆ శాఖ ఏమైపోవాలి? (ఆఫీసులో ఒక చిన్న చేంజ్ రిక్వెస్ట్ పట్టుకుని నాలుగు అప్రూవల్స్ కోసం తిరిగినవాళ్లకి ఈ అధ్యాయం సైన్స్ ఫిక్షన్‌లా అనిపించదు.) అతను అడవిలోకి పారిపోతాడు. అక్కడ పాతకాలపు ఇల్లు, అందులో పుస్తకాలు, వాటిలో ఆ పోయిన మాట దొరుకుతాయి.

పియర్ట్ కథ రాస్తూ పోయాక, ఇది ఎక్కడో చదివిందే అని తనకే తట్టి, నిజాయితీగా ఉంటుందని ఆమె పేరు వేశానని చెప్పుకున్నాడు. నవల చదివాక ఆ మాట నమ్మబుద్ధేసింది. రెండింటికీ ఎముకల గూడు ఒకటే. చివర్లు మాత్రం వేరు. ఆ తేడా దగ్గరికి తర్వాత వస్తాను.

మొన్న ఎండాకాలంలో మా నాయనతో టమాటా బాక్సులు వేసుకుని మదనపల్లె మార్కెట్‌కి వెళ్లాను. మండీలో వేలం మొదలయ్యేదాకా చేసేదేమీ లేక ఫోన్లో ‘యాంథమ్’ తెరిచాను. గుటెన్‌బర్గ్‌లో ఉచితంగానే ఉంది. నీ శ్రమ ఫలితాన్ని ఊరికే ఎవరికీ ఇవ్వకు అని జీవితమంతా బోధించిన రచయిత్రి పుస్తకం ఊరికే దొరకడం ఒక సరదా. పేరు చూసి ఇంకో సంగతి గుర్తొచ్చింది. యాంథమ్ అంటే గీతం. మన జాతీయ గీతానికి మదనపల్లెతో ఉన్న సంబంధం స్థానికులకి గర్వకారణం. 1919 ఫిబ్రవరిలో టాగోర్ ఇక్కడి థియసాఫికల్ కాలేజీకి, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ పిలిస్తే వచ్చి, ‘జనగణమన’ పాడి వినిపించాడు. 28వ తేదీన తానే ఇంగ్లీషులోకి ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని అనువదించాడు. ఆ బాణీకి స్వరలిపి రాసింది మార్గరెట్ కజిన్స్. అందరూ నిలబడి ఒక్క గొంతుతో పాడే పాట అనువాదమైన ఊళ్లో, అందరూ ఒక్క గొంతుతో మాట్లాడే నరకం గురించిన పుస్తకం చదువుతున్నాను.

అనువాదం అనుకోగానే చెయ్యి దురద పుట్టింది. నాకలాంటి అలవాటుంది, నచ్చిన పుస్తకంలో మొదటి పేజీ తెలుగు చేసి చూడటం. ఫోన్లోనే టైపు చెయ్యడం మొదలుపెట్టి రెండో వాక్యం దాటలేకపోయాను. ‘వుయ్’ని ఏమని రాయాలి? మేము అనా, మనం అనా?

ఇంగ్లీషుకి ఈ బాధ లేదు. అక్కడ ‘వుయ్’ ఒక్కటే. వినేవాడు అందులో ఉన్నాడో లేడో ఆ మాట చెప్పదు. తెలుగులో చెప్పి తీరాలి. ‘మేము సినిమాకి పోతున్నాం’ అంటే నువ్వు రావట్లేదు. ‘మనం పోతున్నాం’ అంటే చెప్పులేసుకో. మూడేళ్ల పిల్ల కూడా పొరపడదు. ఈక్వాలిటీ 7-2521 చీకట్లో ఒక్కడే కూర్చుని తన గురించి రాసుకుంటున్నప్పుడు ఆ మాట ఏది? మేము అంటే ఎవరు వేరే? మనం అంటే ఎవరు వింటున్నారు?

ఇంకో చిక్కుంది. రాండ్ పాఠకుడికి ఒళ్లు జలదరించాలని చేసిన ఏర్పాటు తెలుగులో జలదరించదు. మనం ఎట్లాగూ మా అమ్మ, మా ఊరు, మా ఇల్లు అనే అంటాం. ఒక్కడే కొడుకైనా మా అమ్మే. నా అమ్మ అంటే ఏదో డబ్బింగ్ సినిమాలా ఉంటుంది. నవలలో ఒక్క మనిషిని ‘వాళ్లు’ అనడం రాండ్‌కి ఘోరం. ఇక్కడ అయ్యవార్ని వాళ్లు అనకపోతే దెబ్బలు పడేవి. పెళ్లయిన ఆడవాళ్లు ఒకే ఒక్క మొగుణ్ని ‘మావారు’ అంటారు, అంటే అక్షరాలా మా, వారు. రెండు వైపులా బహువచనమే. పాపం రాండ్ వింటే మూర్ఛపోయేది. అట్లాగని తెలుగువాళ్లకి అహం తక్కువని ఎవరూ అనరు కదా. ‘మనకంత సీన్ లేదులే’ అని ఒకడు అన్నప్పుడు ఆ ‘మనకి’ అంటే వాడొక్కడికే.

మాట లేకపోతే ఆ మాట వెనక ఉన్నదీ ఉండదు అన్నది నవల పునాది. ఆ పునాది మీద నాకు నమ్మకం కుదర్లేదు. పైగా నవలే దాన్ని ఒప్పుకోదు. మొదటి పేజీ నుంచీ ఆ ‘వుయ్’ లోపల ఒక్క మనిషే ఉన్నాడు. వాడి దురద, వాడి గర్వం, వాడు ఇష్టపడ్డ అమ్మాయి మీద వాడి కళ్లు, అంతా ఏకవచనమే. ఆ అమ్మాయి అడవిలో తన ప్రేమ చెప్పబోయి, ఆ బహువచనం దగ్గర తడబడి, చెప్పాల్సింది ఇది కాదని బాధపడే చోటు పుస్తకంలో అన్నిటికంటే బాగుంటుంది. ‘నేను’ దొరికాక వచ్చే చివరి అధ్యాయాలు ఉపన్యాసంలా ఉంటాయి. పెన్సిల్ లేకుండా చదవలేని మనిషిని నేను. అక్కడికొచ్చాక పెన్సిల్ పక్కన పెట్టేశాను.

మదనపల్లె నుంచి పుంగనూరు దగ్గర మా ఊరికి తిరిగొచ్చేటప్పుడు దారిలో ఇదే ఆలోచన. సగం దారిలో ఒకటి తట్టింది. ‘యాంథమ్’లో పండితుల సభ తనని తాను మనం అని చెప్పుకుంటుంది. మనమంతా ఒకటి, మనందరి మేలు, మనందరి నిర్ణయం. దీపం పట్టుకొచ్చినవాడు ఎదురుగా నిలబడగానే బయటపడేది మాత్రం మేము. మేము ఒప్పుకోం. మేము ఆమోదించలేదు. రాండ్ పగబట్టింది సమూహం మీద అనుకుంటాం. ఆమెకు నిజంగా గాయం చేసింది మనం ముసుగు వేసుకున్న మేము. ఇంగ్లీషులో రెండూ ఒకే మాట కాబట్టి ఆ ముసుగు కనపడదు. ఆమె రెంటినీ కలిపి ఒకే మంటలో వేసింది. తెలుగులో చేసే అనువాదకుడు ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇక్కడ ముసుగుందా లేదా అని తేల్చుకోవాలి.

ఇది కనిపెట్టి చాలా సంతోషపడ్డాను. మంచి వ్యాసం దొరికిందనుకున్నాను: మేము చెడ్డది, మనం మంచిది, రాండ్‌కి తెలుగు రాకపోవడమే లోపం. రెండు రోజులు కూడా నిలవలేదు ఆ సంతోషం. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

మా నాయనకీ పెద్దనాయనకీ పక్కపక్కనే పొలం, మధ్యలో ఉమ్మడి బోరు. పెద్దనాయన వాళ్ల ఆవులు నీళ్లకి పోయే బాట మా పొలంలోంచి. (పుంగనూరు ఆవు అనగానే బంగళాల్లో సోఫాల మధ్య తిరిగే పొట్టి ఆవును ఊహించుకోకండి. అవి మా ఊళ్లో మాకే కనపడవు. పెద్దనాయనవి మామూలు జెర్సీలు.) 2023 జూలైలో టమాటా కిలో వంద దాటింది. జనం తోటలకు రాత్రిపూట కాపలా పడుకున్నారు. అలాంటి నెలలో బోరు వంతు ఒక గంట అటూ ఇటూ అయితే అది వట్టి గంట కాదు, డబ్బు. ఎవరి తోటకి ఎవరు ఎక్కువ పారించుకున్నారన్న మీద అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. నేను బెంగళూరు నుంచి ఫోన్లో తీర్పు చెప్పాను. అప్పుడన్న మాట బాగా గుర్తుంది: ‘మన భాగం మనం చూసుకుందాం నాయనా. కంచె వేసేద్దాం.’ పంట డబ్బుకి నా జీతంలోది కొంత కలిపి, రాతి స్తంభాలు పాతి, ముళ్లతీగ లాగించి, బాట మీద గేటు పెట్టించాం. రెండు మూడు నెలలు తిరిగేసరికి టమాటా ధర కుప్పకూలింది. కంచె నిలబడింది. అవతలివైపు ఆవులు ఇప్పుడు చుట్టూ తిరిగి పోతాయి.

ఆ వారాల్లో నేను ఆఫీసు క్యాబ్‌లో ఏం వింటూ ఉన్నానో చెప్పక్కర్లేదు. పూజారులు గిటార్ తొక్కే భాగం. ఆ కథలో నేనెవర్నో నాకు అప్పట్లో ఏ అనుమానమూ లేదు.

ఇప్పుడు ఆ వాక్యం చూడండి. కంచె కట్టిన మాట ‘మేము’ కాదు. మనం. మా నాయనతో అన్నాను కాబట్టి అందులో నాయన ఉన్నాడు. పెద్దనాయన ఆ ఫోన్లో లేడు కాబట్టి లేడు. మనం అంటే అందరూ అని ఎవరు చెప్పారు? వ్యాకరణం అంత మాట ఇవ్వదు. వింటున్నవాడు లోపలున్నాడు అంటుంది, అంతే. ఎవరు వింటున్నారన్నది మనం ఎంచుకుంటాం.

తర్వాతి వారం కుప్పంలో ఆ సీనియర్‌ని కలిశాను, పెన్‌డ్రైవ్ ఇచ్చినతన్నే. మూడు రాష్ట్రాలు కలిసే ఊరది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడ పెట్టడంలో ఒక న్యాయం ఉంది. అతనికి ఇంట్లో తమిళం, బజార్లో తెలుగు, అత్తగారింట్లో కన్నడం. నా మేము–మనం గొడవంతా చెప్పాను. తమిళంలోనూ అంతే కదా అన్నాడు, నామ్ అంటే నువ్వూ ఉన్నావు, నాంగళ్ అంటే లేవు. కన్నడంలో అయితే ‘నావు’ ఒక్కటే, ఇంగ్లీషులాగా. మరి మీ అత్తగారింట్లో నిన్ను కలుపుకున్నారో లేదో ఎట్లా తెలుస్తుంది అని అడిగాను. ‘ఇస్తరాకు వేస్తే తెలుస్తుంది’ అన్నాడు. భాషాశాస్త్రం మీద ఇంతకంటే మంచి మాట ఈ మధ్య వినలేదు.

‘యాంథమ్’ చివరి పేజీలు కుప్పం నుంచి బెంగళూరు పోయే రైల్లో చదివాను. కథానాయకుడికి ‘నేను’ దొరికింది. ప్రొమీథియస్ అని పేరు పెట్టుకున్నాడు, దేవతల దగ్గర్నించి నిప్పు తెచ్చి మనుషులకిచ్చినవాడి పేరు. ఇతను ఆ వెలుగుతో ఏం చెయ్యబోతున్నాడు? దీపం పెట్టుకుంటాడు, సరే. ఆ వెంటనే ఇంటి చుట్టూ, ఇంటికొచ్చే బాటల మీదా తీగల కంచె కడతానంటాడు. సాలెగూడంత తేలిగ్గా ఉంటుంది, కానీ ఎవరూ దాటలేరు. తన కోట గుమ్మం మీద ‘అహం’ అన్న మాట చెక్కిస్తానంటాడు. అన్నట్టు నవలకి రాండ్ మొదట అనుకున్న పేరు కూడా అదే.

బాటల మీద. ఆ ముక్క దగ్గర ఫోను ఆపేశాను.

కరెంటు కంచె అంటే మా వైపు పురాణపాత్ర కట్టేది కాదు. పలమనేరు, కుప్పం మధ్య కౌండిన్య అడవి ఉంది. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఏనుగులు వచ్చి అక్కడ ఉండిపోతే 1990లో అభయారణ్యం చేశారు. వాటికి చెరుకూ వరీ అంటే ఇష్టం. పొలాలు తొక్కుతాయి, మనుషుల్ని చంపుతాయి. పందుల కోసమో ఏనుగుల కోసమో రైతు దొంగతనంగా లైను నుంచి కరెంటు తీగ లాగుతాడు. పొద్దున చూస్తే ఏనుగు పడుంటుంది. ఒక్కోసారి పొద్దున్నే నీళ్లు కట్టడానికి వెళ్లిన పక్క పొలం మనిషి. ఆ తీగ లాగినవాడు దుర్మార్గుడని నేననను. ఏడాది కష్టం ఒక్క రాత్రిలో పోతుంటే చూస్తూ కూర్చోమని ఏసీ గదిలోంచి చెప్పే అర్హత నాకు లేదు. రాండ్ కథానాయకుడి భయం కూడా అబద్ధం కాదు, వాణ్ని కొరడాలతో కొట్టారు, వెతికి పట్టుకుంటే చంపుతారు. అయినా కరెంటు కనిపెట్టినవాడి మొదటి పథకాల్లో కంచె ఉండటం, దాన్ని రచయిత్రి గెలుపు పాటలా రాయడం నాకు మింగుడుపడలేదు. వాడు తర్వాత పట్నానికి దొంగచాటుగా వెళ్లి తనకి నచ్చిన కొందరిని తెచ్చుకుంటానంటాడు. అంటే కంచె లోపల నేను ఒక్కడే ఉండడు. కొన్ని వందల పదాల క్రితం దొరికిన ‘నేను’ అప్పుడే మేము అయిపోయింది, ఈసారి తీగతో సహా.

దీనికి విరుగుడుగా నాకు తెలిసినవాడు ఒకడున్నాడు. ఆయనా మా వైపువాడే. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టాడు. థియసాఫికల్ పెద్దలు ఆయన్ని జగద్గురువుగా తయారు చెయ్యడానికి ఒక సంఘమే పెట్టారు. 1929 ఆగస్టు 3న, హాలండ్‌లోని ఓమెన్‌లో, అనీబిసెంట్ ఎదుట, వేల మంది సభ్యుల ముందు, ఆ సంఘాన్ని ఆయనే రద్దు చేసేశాడు. ‘యాంథమ్’ రాయడానికి ఎనిమిదేళ్ల ముందు. సభలోంచి నడిచి వెళ్లిపోయిన మనిషి అంటే రాండ్ కళ్లకద్దుకోవాలి. ఆ తర్వాత ఆరు దశాబ్దాలకు దగ్గరగా ఆయన చేసింది మాత్రం ‘నేను’ అన్నదాన్ని అనుమానించడం. ప్రసంగాల్లో నేను అనాల్సిన చోట తరచుగా ‘ఈ వక్త’ అనేవాడు. ఒకరికి ఆ మాట దొరకడంతో వెతుకులాట అయిపోయింది, ఇంకొకరికి అక్కడ మొదలైంది. ఆ ‘ఈ వక్త’ నాకు కుర్రతనంలో ఎబ్బెట్టుగా ఉండేది, ఇదేం బడాయి అని. ఇప్పుడు గమనిస్తే దాంతోపాటు ఇంకోటి కూడా ఉంది. ప్రతి ప్రసంగంలోనూ ఎదురుగా కూర్చున్నవాళ్లని మనిద్దరం కలిసి చూద్దాం అన్న ధోరణిలో లోపలికి లాక్కుంటూనే ఉంటాడు. ఆయన్ని పూర్తిగా నమ్మానని కాదు. నేను అనేది లేకుండా బోరు వంతు ఎట్లా తేలుతుందో ఆయన పుస్తకాల్లో నాకింకా కనపడలేదు.

ఇక ఆ చివర్ల తేడా. 2112లో గిటార్ పోయాక అతను కంచె కట్టడు. వాయించడానికి ఏమీ లేక చచ్చిపోతాడు. అది పలాయనమనీ పిల్లతనమనీ అనొచ్చు, నేనూ ఒకప్పుడు అన్నాను. కానీ దీపం, గిటార్ ఒకటి కాదు. దీపం ఒక్కడికీ వెలుగిస్తుంది, తలుపు వేసుకుని చదువుకోవచ్చు. వాయిద్యం ఇంకో చెవి కోసం కూడా ఉంటుంది. అతను పూజారుల దగ్గరికి పరిగెత్తింది కొత్త వస్తువు చూపించడానికి కాదు, ఇది మీరూ వినాలి అని. అంటే రాండ్ కథని తీసుకుని పియర్ట్, బహుశా తనకే తెలీకుండా, లోపలి సర్వనామం మార్చేశాడు. అతను పోయాక సంగీతం ఉవ్వెత్తున లేచి, గ్రహాలన్నిటినీ మేం స్వాధీనం చేసుకున్నామన్న ప్రకటనతో తెగిపోతుంది. ఆ వచ్చినవాళ్లు విమోచకులా, ఇంకో పూజారులా? పాట చెప్పదు. రాండ్ అయితే ఒప్పుకునేది కాదు ఆ అనుమానాన్ని.

1978లో ఒక బ్రిటిష్ సంగీత వారపత్రిక ఈ బ్యాండ్‌కి రాండ్ పిచ్చి చూసి ఫాసిజం అంటగట్టింది. గెడ్డీ లీ అమ్మానాన్నలిద్దరూ నాజీ క్యాంపుల్లోంచి బతికి బయటపడినవాళ్లు. ఆ మాట అతన్ని ఎంత కోసి ఉంటుందో ఊహించుకోవచ్చు. పియర్ట్ వయసు పెరిగేకొద్దీ రాండ్‌కి దూరం జరిగాడు, ఆ పరిచయం కుర్రతనం నాటిదని చెప్పుకున్నాడు. 2020 జనవరిలో బ్రెయిన్ క్యాన్సర్‌తో పోయాడు. ఇష్టమైన రచయితని దాటి ముందుకెళ్లడం, కృతజ్ఞత మాత్రం చెరిపెయ్యకుండా ఉండటం, ఈ రెండూ అతని దగ్గర నేర్చుకోవాల్సినవి. మొదటిది నాకు పదిహేనేళ్లు పట్టింది.

నా అనువాదం రెండో వాక్యం దగ్గరే ఉంది. ఎవరైనా పూర్తిగా చేస్తే చదవాలనుంది. మొదట ‘మేము’ అని మొదలుపెట్టి, అతను పండితుల సభకి దీపం తీసుకెళ్లే ఆ ఒక్క అధ్యాయంలో, వాళ్లు ఏం చేస్తారో ఇంకా తెలియని ఆ కొన్ని పేజీల్లో మాత్రం ‘మనం’ అని రాస్తే ఎట్లా ఉంటుందా అనుకుంటున్నాను. మూలంలో లేని పని అది, అనువాదకులు తిడతారు.

పోయిన నెల మళ్లీ ఊరెళ్లాను. పొద్దున్నే కంచె పక్కన పళ్లు తోముకుంటుంటే పెద్దనాయన అవతల ఆవుని పట్టుకుని నిలబడి ఉన్నాడు. దానికి కాలు కుంటు. చుట్టూ తిరిగి రాలేదు. మూడేళ్లుగా నాతో సరిగ్గా మాట్లాడని మనిషి.

‘ఎప్పుడొస్తివి అబ్బోడా?’ అన్నాడు.

‘రాత్రి వచ్చినా పెద్దనాయనా.’

కాసేపు ఆవు మెడ నిమిరాడు. తర్వాత, అదేదో రోజూ అడిగే మాటలాగా, ‘మన గేటు తాళం యాడుంది?’ అన్నాడు.

తాళంచెవి వంటింట్లో మేకుకి వేలాడుతోంది. తెచ్చి ఇచ్చాను. నాయన వసారాలో కూర్చుని చూశాడు. ఆ సంగతి ఇంకా నాతో ఎత్తలేదు.